పైపు చుట్టూ సందు దేనితో పూడ్చాలి? పూత కింద నిలిచే సరుకులు, నిలవనివి

పూత (ప్లాస్టరింగ్) పూర్తయి రంగు కూడా పడిన గోడ మీద, సరిగ్గా పైపు పోయిన దారి వెంటే నెర్రె కనిపిస్తే అందరూ ముందు పూత మేస్త్రీనే అంటారు. ఎక్కువసార్లు తప్పు పూతది కాదు, దాని కింద, పైపు కోసం గోడలో కోసిన గాడిలో కూరిన సరుకుది, దాన్ని కూరిన తీరుది. ఇటుక, సిమెంటు బ్లాకు, ఏఏసీ బ్లాకు (గాలి గదులున్న తేలిక కాంక్రీటు బ్లాకు) గోడల్లో పైపు చుట్టూ మిగిలిన సందును పూడ్చడానికి సైట్లలో మామూలుగా చేతికందే సరుకులు ఇవి: సిమెంటు ఇసుక మాలు, బస్తాల్లో వచ్చే పాలిమర్ రిపేర్ మాలు, నాన్-ష్రింక్ గ్రౌట్ (కుంచించుకోని, పోసే సిమెంటు సరుకు), పీయూ (పాలియురెథేన్) ఫోమ్, జిప్సమ్, సీలెంట్లు. ఏదీ పనికిమాలినది కాదు. ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పెట్టినప్పుడే గోడ చెడుతుంది.

వీటన్నిటినీ ఒకే కొలతతో చూడాలి. పూడ్చిన సరుకు గోడను గట్టిగా పట్టుకోవాలి, పైపును మాత్రం పట్టుకోకూడదు. కుళాయి బిగించే చోట మాత్రం ఇది తిరగబడుతుంది. ఆ సంగతి మాలు దగ్గర వస్తుంది.

పైపును ఎందుకు వదలాలో లెక్క చూస్తే తెలుస్తుంది. ఒక మీటరు పొడవుకు, ఒక డిగ్రీ సెల్సియస్ తేడాకు ఉక్కు 0.012 మి.మీ., రాగి 0.017 మి.మీ. సాగుతాయి. ప్లాస్టిక్ పైపుల్లో సీపీవీసీ సుమారు 0.07, ఫైబర్ పొర లేని పీపీఆర్ సుమారు 0.15 మి.మీ. సాగుతాయి. మూడు మీటర్ల వేడినీటి లైను 40 డిగ్రీలు వేడెక్కిందనుకోండి. రాగి 2 మి.మీ. దగ్గర ఆగుతుంది, సీపీవీసీ 8 మి.మీ. దాటుతుంది, పీపీఆర్ 18 మి.మీ. దాకా పోవాలని చూస్తుంది. మాలులో నిండుగా కూరుకుపోయిన తిన్నని పైపులో ఈ ఒత్తిడిని చాలావరకు ప్లాస్టిక్కే మింగేస్తుంది. బెండ్ల దగ్గర, లోతు చాలని చోట, ఒకపక్క పట్టు ఇంకోపక్క ఖాళీ ఉన్న చోట మాత్రం అది పూత మీదకు తిరుగుతుంది. నెర్రె ముందు అక్కడే మొదలవుతుంది.

ఏ సరుకు తెచ్చినా ముందు గాడి సరిగా ఉండాలి

ఈ భాగం చదవకుండా దాటేస్తే కింద మెచ్చుకున్న సరుకులు కూడా నిలవవు.

గాడి వెడల్పు పైపు బయటి కొలత కంటే 20 నుంచి 25 మి.మీ. ఎక్కువ ఉండాలి. అప్పుడే రెండు పక్కలా 10 మి.మీ. చొప్పున మాలు దిగే జాగా ఉంటుంది. పక్కన 5 మి.మీ. కూడా లేకపోతే మాలు లోపలికి పోదు. పైపు ముందు భాగం మీద మూతలా నిలబడుతుంది, వెనక డొల్ల మిగులుతుంది. లోతు విషయానికొస్తే, పైపు ముందు అంచు ఇటుక ముఖం కంటే కనీసం 10 నుంచి 15 మి.మీ. లోపల ఉండాలి. దాని మీద 12 మి.మీ. పూత పడితే మొత్తం పాతిక మి.మీ. కప్పు దొరుకుతుంది. బెండు, కప్లింగ్ పైపు కంటే లావు కాబట్టి లోతు వాటి దగ్గర కొలవాలి, పైపు మధ్యలో కాదు. తిన్నని చోట లోతు చూసుకుని బెండు దగ్గర ఉబ్బెత్తుగా వదిలేసిన పని చాలా చోట్ల కనిపిస్తుంది.

పైపును మేకు వంచి ఆపడం మానాలి. ఇనుప మేకు ప్లాస్టిక్ పైపును రోజూ కొంచెం కొంచెంగా కోస్తుంది. రెండు, మూడు అడుగులకొక క్లిప్పు వేస్తే సరిపోతుంది. క్లిప్పు పైపును గాడి వెనక గోడకు పూర్తిగా అంటించకుండా, కొద్దిగా ఎడంగా నిలబెడితే వెనక కూడా మాలు చేరుతుంది.

తర్వాత ప్రెషర్ టెస్ట్. పని చేసే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి, కీళ్లన్నీ చేత్తో తడిమి చూసి, ఆ తర్వాతే పూడ్చడం మొదలుపెట్టాలి. ప్లాస్టిక్ పైపు ఒత్తిడికి కాస్త ఉబ్బుతుంది కనుక మొదట్లో గేజి ముల్లు కొంచెం దిగడం సహజం. మళ్లీ పంపు కొట్టి నిలకడ వచ్చాక లెక్క మొదలుపెట్టాలి. పూడ్చేటప్పుడు, పూత వేసేటప్పుడు లైనులో మామూలు ఒత్తిడి ఉంచేయండి. పూత కింద వేసే తీగ వల (చికెన్ మెష్) మేకు పైపులో దిగితే ఆ నిమిషమే తెలుస్తుంది. రంగు పడ్డాక తెలిస్తే గోడ మళ్లీ పగలగొట్టాలి.

గాడిలో దుమ్ము ఉంటే ఏ సరుకూ అంటదు. కటింగ్ మెషీన్ వదిలిన మెత్తటి పొడి ఇటుక ముఖాన పొరలా కూర్చుంటుంది. బ్రష్షుతో దులిపి, నీళ్లతో కడగాలి. ఇటుక నీరు పీల్చుకుని పైన తడి మెరుపు పోయాక మాలు పెట్టాలి. నీరు కారుతుండగా పెడితే జారుతుంది. ఎండు ఇటుక మీద పెడితే మాలులోని నీటిని ఇటుక లాగేసుకుంటుంది, సిమెంటు గట్టిపడకముందే ఎండిపోతుంది. గోటితో గీస్తే పొడిగా రాలే మాలు వెనక ఎక్కువగా ఉండే కారణం ఇదే. ఏఏసీ బ్లాకు నీటిని మెల్లగా, లోతుగా తాగుతుంది. దాన్ని నానబెట్టకూడదు, పైన చల్లితే చాలు.

సిమెంటు ఇసుక మాలు

అన్నిటికంటే పాతది, ఇటుక గోడలో గాడి పూడ్చడానికి ఇప్పటికీ అన్నిటికంటే నమ్మదగినది. దీన్ని ఎవరూ ప్రకటనల్లో చూపించరు గానీ, గోడకు దగ్గరి బలం, దగ్గరి గరుకుతనం దీనికే ఉన్నాయి. దీని మీద పడే పూత కూడా ఇదే జాతి కనుక రెండూ కలిసిపోతాయి.

పాళ్లు మామూలు గాడికి ఒకటికి నాలుగు (సిమెంటు ఒకటి, ఇసుక నాలుగు). కుళాయి, షవర్ బిగించే చోట ఒకటికి మూడు. ఒకటికి రెండు వేస్తే ఇంకా గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు. సిమెంటు పెరిగేకొద్దీ కుంచించుకోవడం పెరుగుతుంది, గాడి రెండు అంచుల వెంట సన్నటి గీతలు తేలతాయి. ఇసుక పూతకు వాడే మెత్తటిది కాకుండా, రెండు మూడు మి.మీ. దాకా గింజ ఉన్న కాస్త గరుకు రకం కావాలి. మెత్తటి ఇసుక ఎక్కువ నీరు అడుగుతుంది. ఆ నీరు ఆరినప్పుడు వదిలే ఖాళీయే నెర్రె అవుతుంది.

నీరు ఎంత? పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు, అరచేయి మాత్రం తడవాలి. పూత మాలు కంటే ఇది బాగా గట్టి. పూతకు కలిపిన మాలునే ఇటు కూడా విసిరేయడం సైట్లలో జరిగే అతి పెద్ద తప్పు. అది వేసినప్పుడు నున్నగా నిండినట్టే ఉంటుంది, ఆరాక లోపలికి కుంగుతుంది.

సరుకు లెక్కకు ఒక ఉదాహరణ. 50 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. లోతు, మూడు మీటర్ల పొడవున్న గాడిలో ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు ఉందనుకుందాం. దాని బయటి కొలత సుమారు 22 మి.మీ. గాడి మొత్తం 7.5 లీటర్లు. అందులో పైపు ఒక లీటరు పైచిలుకు తీసుకుంటుంది. పూత కోసం ముందు వదిలే 10 మి.మీ. ఇంకో ఒకటిన్నర లీటర్లు. మిగిలిన ఐదు లీటర్ల లోపు మాలే కావాలి. ఒకటికి నాలుగు పాళ్లలో దీనికి రెండు కిలోల సిమెంటు, ఐదు లీటర్ల పైచిలుకు ఇసుక సరిపోతాయి. ఇంతకంటే ఎక్కువ ఒకేసారి కలపకండి. కలిపిన గంటలోపు వాడెయ్యాలి. బిగుసుకుంటున్న మాలులో మళ్లీ నీరు పోసి తిప్పితే చేతికి మెత్తబడుతుంది గానీ బలం తిరిగి రాదు.

వేసే తీరులోనే అసలు పని ఉంది. ముందు పైపు వెనక భాగం. రెండు పక్కల నుంచీ మాలు తోసి, సన్నటి చెక్కతో దట్టించాలి. ఒక పక్క నుంచి తోసిన మాలు రెండో పక్కకు కనిపించేదాకా ఆగకూడదు. తర్వాత 20, 25 మి.మీ. మందంలో పొరలుగా నింపాలి. మొదటి పొర మీద గీతలు గీసి వదిలేసి, అది బిగిశాక రెండోది. వీలుంటే రెండో పొర మరునాడు వేయడం మేలు. 50 మి.మీ. కంటే వెడల్పైన సందులో వట్టి మాలే నింపితే కుంచించుకుపోతుంది కాబట్టి తడిపిన ఇటుక ముక్కలను మాలులో ఒత్తి కూర్చాలి. పొడి ముక్కలు వద్దు. అవి మాలులోని నీరు తాగేస్తాయి. చివరి పొర గోడ ముఖానికి సమంగా రాకూడదు. ఐదు నుంచి పది మి.మీ. లోపలే ఆపి, పైన గరుకుగా వదలాలి. నున్నగా తోమిన మాలు మీద పూత పట్టదు.

కనీసం మూడు రోజులు తడపాలి, ఏడు రోజులైతే మంచిది. సన్నటి గాడి కదా అని చాలామంది నీళ్లు కొట్టరు. నిజానికి సన్నటి పొరే త్వరగా ఎండుతుంది కనుక దానికే తడి ఎక్కువ కావాలి. కుంచించుకోవడం చాలావరకు మొదటి వారంలోనే జరిగిపోనిస్తే, ఆ గీతలు పూత కింద ఉండిపోతాయి, పూతలోకి ఎక్కవు. ఉదయం గాడి పూడ్చి సాయంత్రం పూత వేసే పనికి నెర్రె దాదాపు ఖాయం.

పైపును వదలాలని పైన చెప్పింది ఇక్కడే పాటించాలి. వేడినీటి లైనుకు 6 నుంచి 9 మి.మీ. మందమున్న ఇన్సులేషన్ గొట్టం తొడిగి, ఆ తర్వాతే మాలు పెట్టాలి. చన్నీటి లైనుకు రెండు మూడు మి.మీ. పాలిథీన్ ఫోమ్ టేపు చుట్టినా చాలు. బెండ్ల దగ్గర ఇంకో చుట్టు ఎక్కువ. గోనెపట్టా చుట్టే అలవాటు మానాలి. అది చెమ్మను పట్టి ఉంచుతుంది, కుళ్లాక ఖాళీ మిగులుతుంది. జింకు పూత ఉన్న ఇనుప (జీఐ) పైపుకు చుట్టు ఇంకో కారణానికి కూడా కావాలి. పచ్చి సిమెంటు క్షారం జింకు పూతను తింటుంది. అల్యూమినియం, సీసం కూడా దానికి ఆగవు.

కుళాయి, షవర్, గీజర్ పాయింట్ల సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఇత్తడి ఎల్బో గోడలో రాయిలా నిలబడాలి. కుళాయి బిగించేటప్పుడు స్పానర్ తిప్పే బలమంతా దాని మీదే పడుతుంది. ఎల్బో కదిలితే వెనకున్న ప్లాస్టిక్ కీలు విరుగుతుంది. అందుకని ఫిట్టింగ్ దగ్గర చుట్టు తీసేసి, ఒకటికి మూడు మాలును చుట్టూ దట్టంగా కూరాలి. ఎల్బోకు చెవులుంటే ముందే స్క్రూలతో గోడకు బిగించాలి. పాయింటులో డమ్మీ పైపు తిప్పి పెట్టి లెవెల్ చూసుకున్నాకే మాలు. గట్టిపడ్డాక సరిచేయడం కుదరదు.

పాలిమర్ రిపేర్ మాలు

ఏఏసీ బ్లాకు గోడలకు, బాత్రూమ్ తడి గోడలకు మా ఎంపిక ఇదే. సిమెంటు, గింజ కొలిచిన ఇసుక, పాలిమర్ పొడి, ఎక్కువగా సన్నటి ఫైబర్ కూడా కలిసి వస్తాయి. నీరు కలిపితే చాలు. గోడకు అంటుకోవడం, సాగే గుణం, నీటిని ఆపడం మామూలు మాలు కంటే స్పష్టంగా మెరుగు. ఖరీదు ఎక్కువే. ఇంటి మొత్తం ఇటుక గాడులన్నిటికీ ఇది వాడాల్సిన అవసరం లేదు.

ఏఏసీకి ఇదెందుకంటే, ఆ బ్లాకు నలిగే బలం మామూలుగా మూడు నుంచి ఐదు మెగాపాస్కల్‌లే. అందులో గట్టి మాలు కూరితే, మాలు కుంచించుకునేటప్పుడు తాను పగలదు, బ్లాకు అంచును పీక్కుని వస్తుంది. కాబట్టి ఏఏసీకి సరుకు ఎంచేటప్పుడు బస్తా మీద పెద్ద బలం అంకె చూసి మురిసిపోకూడదు, తక్కువ బలం రకమే తీసుకోవాలి. ఏఏసీలో గాడిని సుత్తితో కొట్టకుండా రెండు గీతలు కోసి మధ్యది తీసేయాలి. సుత్తి దెబ్బకు అంచు లోపల కనపడని పగుళ్లు పడతాయి, ఏ సరుకు పెట్టినా అక్కడి నుంచి వదిలేస్తుంది.

చెడేది ఎక్కువగా కలపడంలోనే. నీరు బస్తా మీద రాసిన కొలతకు మించకూడదు. కంటి అంచనాతో పోస్తే ఇన్ని సుగుణాలూ నీటిపాలే. సగం బస్తా వాడాల్సి వస్తే ముందు పొడినంతా బాగా తిప్పి కలిపి అప్పుడు తీయాలి. రవాణాలో పాలిమర్, ఫైబర్ ఒకపక్కకు, ఇసుక ఒకపక్కకు చేరి ఉంటాయి. డ్రిల్లుకు తగిలించిన తెడ్డుతో మూడు నాలుగు నిమిషాలు తిప్పాలి. చేత్తో కలిపితే పాలిమర్ పూర్తిగా కరగదు. ఒక పొర మందం ఎంతవరకో బస్తా మీద ఉంటుంది, దాన్ని మించితే జారి కిందికి పొట్ట వేస్తుంది.

బస్తా దొరకనప్పుడు మామూలు మాలులో ఎస్‌బీఆర్ లాటెక్స్ (పాలలా ఉండే రబ్బరు ద్రవం) కలపడం మంచి మధ్యేమార్గం. దాన్ని సిమెంటుతో కలిపి గాడి గోడలకు బ్రష్షుతో పూసి, ఆ పూత ఇంకా జిగురుగా ఉండగానే మాలు కూరాలి. ఆరిపోయాక కూరితే అది అతికించే పొరగా కాక విడదీసే పొరగా పనిచేస్తుంది. ఆలస్యమైతే ఎండిన పొరను గీకేసి మళ్లీ పూయాలి.

నాన్-ష్రింక్ గ్రౌట్

పేరు చూసి గాడులకు తెచ్చేవాళ్లున్నారు. గాడికి ఇది సరిపోదు. దీని ఉబ్బే గుణం అన్నివైపులా మూసి ఉన్న చోటే పనిచేస్తుంది. ఒకవైపు తెరిచిన గాడిలో అది బయటికే ఉబ్బుతుంది, లోపల పట్టు పెంచదు. పైగా ఇది పోసే సరుకు. నిలువు గోడలో నిలవాలంటే పలక కట్టాలి, ఎండు ఇటుక ఉంటే నీటిని లాగేస్తుంది. 28 రోజులకు 50 మెగాపాస్కల్‌ల పైన వచ్చే బలం మెత్తటి బ్లాకు గోడకు భారమే తప్ప మేలు కాదు.

కాంక్రీటు స్లాబులోనో, కాంక్రీటు గోడలోనో పైపు దాటే కన్నానికి మాత్రం దీని సాటి లేదు. కన్నం లోపలి ముఖాన్ని గరుకు చేసి, నానబెట్టి, మిగులు నీరు తుడిచి, కింద పలక బిగించి, ఒకే పక్క నుంచి పోయాలి. రెండు పక్కల నుంచి పోస్తే మధ్యలో గాలి చిక్కుతుంది. గోడ కన్నంలో వాడాల్సి వస్తే నీరు తగ్గించి గట్టి ముద్దగా కలిపి కర్రతో దట్టించే పద్ధతి ఉంది. ఆ పద్ధతికి ఒప్పుకునే రకమేనా అని బస్తా మీద చూసుకోవాలి.

పీయూ ఫోమ్

అందరికీ ఇష్టమైన సరుకు, అందరూ తప్పుగా వాడే సరుకు. నొక్కితే ఉబ్బి నిండిపోతుంది, పావుగంటలో పైన తోలు కడుతుంది, పని అయిపోయినట్టు కనిపిస్తుంది. దీని మీద నేరుగా పూత వేస్తే అది పరుపు మీద పరిచిన పలకలా ఉంటుంది: వెనక గట్టి ఆధారం లేదు, చేయి ఆనితే వంగుతుంది, వంగితే పగులుతుంది. నున్నటి తోలు మీద సిమెంటు పట్టదు కూడా. కాబట్టి గాడి పూడ్చడానికి ఫోమ్ వద్దు. ఇందులో మాకు రెండో మాట లేదు.

పనికొచ్చే చోటు ఒకటుంది. లావు గోడను దాటే కన్నంలో, పైపు చుట్టూ లోతుగా ఉన్న ఖాళీ మధ్య భాగం. అక్కడ మాలు అందదు, ఫోమ్ అందుతుంది. గాలిని ఆపుతుంది, ఏసీ పైపుల్లాంటి చల్లటి లైనుకు చెమ్మ పట్టకుండా చూస్తుంది. అయితే రెండు ముఖాల దగ్గరా ఫోమ్‌ను 25 నుంచి 30 మి.మీ. లోపలికి కోసేసి, ఆ జాగాలో మాలు కూరి మూయాలి. కోసిన ముఖంలో గాలి గదులు తెరుచుకుంటాయి, వాన నీరు పీలుస్తాయి. ఎండ తగిలితే ఫోమ్ పసుపెక్కి పొడి అవుతుంది. ఎలుకలు కూడా దాన్ని సులువుగా కొరికేస్తాయి. బయటి గోడలో దాన్ని తెరిచి ఉంచడానికి ఒక్క కారణం కూడా లేదు.

వాడేటప్పుడు డబ్బాను ఇరవై, ముప్పై సార్లు గట్టిగా ఊపి, తలకిందులుగా పట్టుకోవాలి. ఇది గాలిలో, గోడలో ఉన్న తేమతోనే గట్టిపడుతుంది కనుక కన్నం లోపల ముందు నీళ్లు చల్లాలి. పొడి కన్నంలో లోపలి ఫోమ్ రోజుల తరబడి జిగురుగానే ఉండిపోయి, తర్వాత ముడుచుకుంటుంది. సందును సగం వరకే నింపాలి, మిగతా సగం అదే నింపుకుంటుంది. 50 మి.మీ. దాటిన సందులో రెండు విడతలుగా, మధ్యలో మళ్లీ తడి చల్లి నింపాలి. నిండా కొడితే ఉబ్బే బలానికి పల్చటి డ్రైన్ పైపు పక్కకు జరుగుతుంది, వాలు పోతుంది. గంట తర్వాత కోయవచ్చు, పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు ఇవ్వాలి.

డబ్బాలో ఐసోసైనేట్ అనే హానికర రసాయనం ఉంటుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి, కిటికీలు తెరిచి ఉంచండి. పచ్చిగా ఉన్నప్పుడు అసిటోన్‌తో వదులుతుంది, గట్టిపడ్డాక గీకాల్సిందే. అయితే ఆ అసిటోన్‌ను సీపీవీసీ, పీవీసీ పైపుల దగ్గరికి రానీయకండి, ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పీపీఆర్, పాలిథీన్ పైపులకు ఫోమ్ అంటుకోదు, చుట్టూ సన్నటి దారి మిగిలిపోతుంది. నీరు ఆపడానికి దాన్ని నమ్ముకోకూడదు. సీపీవీసీకి ఇంకో జాగ్రత్త కావాలి. కొన్ని ఫోమ్‌లు, సీలెంట్లు, నూనె కలిసిన పుట్టీలు ఆ ప్లాస్టిక్‌ను మెల్లగా పెళుసుబారుస్తాయి. డబ్బా మీద సీపీవీసీకి సరిపడుతుందని రాసి ఉంటేనే తాకనివ్వాలి, లేదంటే పైపుకు ముందు పాలిథీన్ ఫోమ్ చుట్టాలి.

జిప్సమ్, పీఓపీ

ఎలక్ట్రీషియన్లకు ఇది ఇష్టం, ఎందుకంటే నిమిషాల్లో బిగుస్తుంది. పొడి గది లోపలి గోడలో వైర్లు పోయే కండ్యూట్‌ను, స్విచ్ బాక్సును అక్కడక్కడ ఒక ముద్దతో నిలబెట్టడానికి సరే. గాడి మొత్తం దీనితో నింపి పైన సిమెంటు పూత వేయడం మాత్రం చేయకూడదు. చెమ్మ తగిలితే జిప్సమ్ మెత్తబడుతుంది. తడిగా ఉన్నంతకాలం సిమెంటుతో చర్య జరిపి ఉబ్బే ఉప్పు పుడుతుంది, పూతను వెనక నుంచి తోస్తుంది. ఇనుప పైపు, జీఐ పైపు పక్కన తడి జిప్సమ్ తుప్పు పట్టిస్తుంది. బాత్రూమ్, వంటగది, బయటి గోడల్లో అసలు వద్దు.

స్లీవ్, బ్యాకర్ రాడ్, సీలెంట్

గోడను దాటే వేడినీటి పైపుకు, బయటికి పోయే ఏ పైపుకైనా ఇదే సరైన పద్ధతి. పైపు కంటే ఒకటి రెండు సైజులు పెద్ద గొట్టాన్ని స్లీవ్‌గా పెట్టి, దాని చుట్టూ మాలు కూరాలి. మాలు స్లీవ్‌ను పట్టుకుంటుంది, లోపల పైపు తిరుగాడుతుంది. స్లీవ్ పొడవు పూత ముఖం దాకా రావాలి. ఇటుక ముఖానికే కోసేస్తే పూత వచ్చి పైపును పట్టేసుకుంటుంది, స్లీవ్ పెట్టిన ప్రయోజనం పోతుంది. బయటి గోడలో స్లీవ్‌ను కొద్దిగా బయటికి వాలుగా ఉంచాలి.

పైపుకూ స్లీవ్‌కూ మధ్య సందులో, సందు కంటే పాతిక శాతం లావైన బ్యాకర్ రాడ్ (మెత్తటి ఫోమ్ కడ్డీ) దోపి, దాని మీద సీలెంట్ వేయాలి. సీలెంట్ లోతు సందు వెడల్పులో సగం ఉంటే బాగా సాగుతుంది. రాడ్ లేకుండా లోతుగా నింపేస్తే సీలెంట్ మూడు వైపులా అంటుకుపోయి, సాగలేక చిరుగుతుంది. సిలికాన్‌ను పూతకు ముందు వాడకండి. దాని మీద పూతా పట్టదు, రంగూ పట్టదు, పక్కన అంటిన మరక కూడా పోదు. పూత అయ్యాక, ఆరాక, చివర్లో వేయాలి. పూత కిందే మునిగిపోవాల్సిన చోట పీయూ సీలెంట్ మేలు.

గోడ మంటలను ఆపాల్సినదైతే పై సరుకుల్లో ఏదీ దానికదే సరిపోదు. మంటలో ప్లాస్టిక్ పైపు కరిగి కన్నం తెరుచుకుంటుంది. ఆ కన్నాన్ని మూసేది వేడికి ఉబ్బే కాలర్ లేదా చుట్టు. డబ్బా మీద ఫైర్ ఫోమ్ అని రాసి ఉన్నవాటిలో చాలా వాటి పరీక్ష గోడల మధ్య తిన్నని సందులకే పరిమితం. పైపు దాటే కన్నానికి పరీక్షించారో లేదో కాగితంలో చూడాలి. ఐరోపా పద్ధతిలో అది ఈఎన్ 1366-3, అమెరికా పద్ధతిలో ఏఎస్‌టీఎం ఈ 814. పైపు రకం, సైజు, గోడ మందం కూడా ఆ కాగితంలో ఉన్న వాటికి సరిపోవాలి.

మెష్, ఆపైన పూత

గాడి పూడ్చాక మెష్ వేయకుండా పూత వేయకండి. గాడికి రెండు పక్కలా కనీసం 100 మి.మీ., వీలుంటే 150 మి.మీ. గోడ మీదకు వచ్చేలా ఉండాలి. గాడి వెడల్పుకే కోసిన పట్టీ వల్ల ఏ ప్రయోజనమూ లేదు, ఎందుకంటే నెర్రె పుట్టేది గాడి అంచులోనే. జింకు పూత ఉన్న చికెన్ మెష్ గానీ, క్షారాన్ని తట్టుకునే ఫైబర్ గ్లాస్ మెష్ గానీ పనికొస్తుంది. క్షారాన్ని తట్టుకోని ఫైబర్ మెష్ సిమెంటులో కాలక్రమాన చివికిపోతుంది. మెష్ గోడకు అతుక్కుపోకూడదు. వెనకకు మాలు దూరేలా కొన్ని మి.మీ. ఎడం ఉండాలి, అయినా బిగుతుగా నిలవాలి. మేకులు పైపు గీతకు దూరంగా, పక్కలకే. గాడి పూడ్చకముందు స్కేలు పక్కన పెట్టి ఒక ఫొటో తీసి ఉంచితే, మేకులకీ తర్వాత షెల్ఫు బిగించేవాళ్లకీ ఉపయోగం.

పూతకు ముందు గాడి పొడవునా తాపీ పిడితో తట్టి చూడండి. డొల్ల మోత వచ్చిన చోట తవ్వి మళ్లీ కూరాలి. పైన సిమెంటు పాలు పూస్తే డొల్ల నిండదు.

పూత అయ్యాక నెర్రె పడితే, దాని ఆకారమే కారణం చెబుతుంది. గాడి రెండు అంచుల వెంట రెండు సమాంతర గీతలుంటే, పూడ్చిన మాలు కుంచించుకుంది, లేదా దుమ్ము మీద పెట్టారు. మెష్ చాలకపోయినా ఇలాగే వస్తుంది. పైపు నడిమి గీత వెంట ఒకే నెర్రె ఉంటే లోతు చాలలేదు, లేదా వేడినీటి పైపుకు చుట్టు లేదు. అలాంటి నెర్రె వేడినీరు వాడాక తెరుచుకుని, చల్లారాక సన్నబడుతుంది. పుట్టీ ఎన్నిసార్లు పెట్టినా తిరిగి వస్తుంది కాబట్టి అక్కడ గాడి తెరిచి చుట్టు వేయాల్సిందే. గోడంతా సాలెగూడులా సన్నటి గీతలుంటే గాడితో సంబంధం లేదు, పూత త్వరగా ఎండింది. నెర్రె లేకుండా చెమ్మ మరక మాత్రమే కనిపిస్తే ముందు గేజి పెట్టి లైను పరీక్షించండి. ఒత్తిడి నిలిస్తే, నీరు వస్తున్నది ఆ పైపులోంచి కాదు, ఎక్కువసార్లు బయటి గోడ కన్నంలోంచి స్లీవ్ పక్కగా వస్తుంది. మాలు విప్పకుండా ముందు బయటి ముఖాన రాడ్, సీలెంట్ తీసి కొత్తవి వేసి, ఒక వానకు చూడండి.